ఆటిజం ఉన్నవారి మెదడులో భాష: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: డాక్టరు గారూ, మా బాబుకు ఐదేళ్లు. ఆటిజం అని రెండేళ్ల క్రితం నిర్ధారించారు. వాడికి దాహం వేస్తే నా దగ్గరికి వచ్చి "నీళ్లు తాగుతావా నాన్నా?" అంటాడు, అదీ అచ్చం నేను అడిగే గొంతుతోనే. ఆటిజం ఉన్న పిల్లల మెదడులో భాషా కేంద్రాల మధ్య కనెక్షన్లు బలహీనంగా ఉంటాయని ఈమధ్య ఒకచోట చదివి భయపడ్డాను. లోపల నరాలు తెగిపోయాయనా దాని అర్థం? వాడు అలా అప్పజెప్పినట్టు మాట్లాడడానికి అదే కారణమా?

జవాబు: తెగిపోయినదేమీ లేదమ్మా. పరిశోధకులు మెదడులోని అనుసంధానాన్ని రెండు వేర్వేరు పద్ధతుల్లో కొలుస్తారు. ఆ ఫలితాలు పత్రికల్లోకి వచ్చేసరికి రెండూ కలగలిసిపోయి, చదివినవారికి మీకు కలిగినట్టే భయం కలుగుతుంది. కాబట్టి వాటిని విడదీసి చెబుతాను.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు, ఏమడిగినా "టాన్" అన్న ఒక్క శబ్దం తప్ప మరేమీ పలకలేని ఒక రోగి మరణించాక అతని మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందుభాగంలో దెబ్బతిన్న చోటును గుర్తించాడు. 1874లో జర్మనీకి చెందిన కార్ల్ వెర్నికే, మాట ధారాళంగా వస్తున్నా అర్థం గ్రహించలేని రోగులను వివరించి, దానికి ఎడమ కణతకు లోపలి ప్రాంతంతో సంబంధం ఉందని చూపాడు. ఈ రెండు ప్రాంతాల మధ్య విల్లులా వంగి సాగే నాడీతంతువుల కట్టను ఆర్క్యుయేట్ ఫాసిక్యులస్ అంటారు. భాష ఆ రెండు చోట్లకే పరిమితం కాదనీ, ఎడమ అర్ధగోళంలో ముందుభాగం నుంచి కణత పొడవునా విస్తరించిన ఒక వలయం మొత్తం కలిసి పనిచేస్తుందనీ ఇప్పుడు మనకు తెలుసు. అయినా చర్చ అంతా ఇప్పటికీ ఈ రెండు పేర్ల చుట్టూనే తిరుగుతూ ఉంటుంది.

మొదటి పద్ధతి నిర్మాణాన్ని కొలిచేది. నాడీతంతువుల కట్టల వెంట నీటి అణువులు ఏ దిశలో సులువుగా కదులుతున్నాయో ఒక ప్రత్యేకమైన ఎంఆర్ఐ ద్వారా చూసి, ఆ కట్టలు ఎంత క్రమంగా అమరి ఉన్నాయో అంచనా వేస్తారు. ఆటిజం ఉన్న అన్నో అక్కో కలిగిన 92 మంది పసిపిల్లలను ఆరో నెల నుంచి రెండేళ్ల వరకు ఇలా పరిశీలించిన అమెరికా అధ్యయనం ఒకటి 2012లో వెలువడింది. వారిలో తరువాత ఆటిజం లక్షణాలు కనబడిన 28 మందిలో ఈ కొలత ఆరో నెలలో మిగతావారికంటే ఎక్కువగా ఉండి, ఆపై నెమ్మదిగా పెరిగి, రెండేళ్లకు వెనకబడింది. మీరు గమనించవలసింది ఆ "ఎక్కువగా" అన్న మాటనే. మొదట్లో తక్కువేమీ లేదు, ఎదుగుదల వేగమే వేరుగా ఉంది.

రెండో పద్ధతి పనితీరును కొలిచేది. మెదడులో ఒక ప్రాంతం చురుకైనప్పుడు అక్కడి రక్తంలో ఆక్సిజన్ పాళ్లు మారతాయి. ఎఫ్ఎంఆర్ఐ పట్టుకునేది ఆ మార్పునే. రెండు ప్రాంతాల్లో ఈ హెచ్చుతగ్గులు ఒకే లయలో సాగితే వాటి మధ్య అనుసంధానం బలంగా ఉందనీ, లయ కలవకపోతే బలహీనంగా ఉందనీ అంటారు. ఇద్దరు ఒకే తాళానికి చప్పట్లు కొడుతున్నారంటే వారి చేతులకు తాడు కట్టి ఉందని కాదు కదా. అలాగే లయ తప్పినంత మాత్రాన మధ్యలో ఏదో తెగిందని కాదు.

మీరు చదివిన మాటకు మూలం చాలావరకు ఈ రెండో రకం పరిశోధనే. 2004లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్సెల్ జస్ట్ బృందం, ధారాళంగా మాట్లాడగల 17 మంది ఆటిజం ఉన్నవారినీ, ఆటిజం లేని మరో 17 మందినీ స్కానర్‌లో పడుకోబెట్టి వాక్యాలు చదివించింది. వాక్యం చదివి, అందులో పని చేసింది ఎవరో, ఆ పని ఎవరికి జరిగిందో గుర్తించి మీట నొక్కాలి. ఆటిజం ఉన్నవారిలో వెర్నికే ప్రాంతం ఎక్కువగా, బ్రోకా ప్రాంతం తక్కువగా పనిచేసినట్టు తేలింది. భాషలో పాల్గొనే ప్రాంతాల మధ్య లయ కూడా మొత్తంమీద తక్కువగా కలిసింది. విడివిడి పదాలను పట్టుకునే పని బాగా సాగుతూ, వాటిని వాక్యంగా అల్లే పనిలో తేడా ఉండవచ్చని ఆ బృందం భావించింది. "తక్కువ అనుసంధానం" అనే సిద్ధాంతానికి పేరు వచ్చింది ఇక్కడే.

అదే బృందం 2006లో చేసిన ఇంకో ప్రయోగం నాకు ఇంతకంటే ఆసక్తికరంగా అనిపిస్తుంది, ఎందుకో గాని దాని గురించి ఎవరూ అంతగా రాయరు. అందులో కొన్ని వాక్యాలు మనసులో బొమ్మ గీసుకుంటే తప్ప తేలనివి; ఉదాహరణకు, 8 అంకెను 90 డిగ్రీలు తిప్పితే కళ్లజోడులా కనిపిస్తుంది అన్నది నిజమా కాదా? మరికొన్ని బొమ్మ అవసరం లేనివి; కూడిక, తీసివేత, గుణకారం గణిత నైపుణ్యాలే అన్నటువంటివి. ఆటిజం లేనివారిలో దృశ్యాన్ని ఊహించడానికి తోడ్పడే వెనుకభాగపు ప్రాంతాలు మొదటి రకం వాక్యాలకే ఎక్కువగా పనిచేశాయి. ఆటిజం ఉన్నవారిలో రెండో రకం వాక్యాలకు కూడా అవి పనిలోకి దిగాయి. అంటే వారు వాక్యాన్ని అర్థం చేసుకోలేకపోవడం కాదు, వేరే దారిలో అర్థం చేసుకుంటున్నారన్నమాట.

ఇక మీ బాబు మాటకు వద్దాం. 1943లో లియో కానర్ తొలిసారి ఆటిజాన్ని వర్ణించిన వ్యాసంలోని పదకొండు మంది పిల్లల్లో ఎనిమిది మంది మాట్లాడేవారు. వారిలో మీ బాబు లక్షణాన్నే ఆయన గమనించాడు: పిల్లలు విన్న మాటను విన్నట్టే, "నేను", "నువ్వు" మార్చుకోకుండా, అదే స్వరంతో తిరిగి అనడం. దీన్ని ఎకోలాలియా అంటారు. మెదడులో ఫలానా కట్ట బలహీనంగా ఉన్నందువల్లే ఇది వస్తుందని తేల్చి చెప్పేందుకు ఇప్పుడున్న ఆధారాలు చాలవు. అలా చెప్పేవారిని కాస్త అనుమానంగానే చూడండి. ఈ మాటలు అర్థం లేనివి కావని మాత్రం స్పష్టంగా చెప్పవచ్చు. పిల్లలు వాటితో అడుగుతారని, ఒప్పుకుంటారని, వంతు తీసుకుంటారని, తమను తాము సముదాయించుకుంటారని 1980ల ఆరంభం నుంచే అధ్యయనాలు చూపుతూ వచ్చాయి. మీరు నీళ్లు ఇచ్చే ప్రతిసారీ ఆ వాక్యం వినబడింది కాబట్టి, నీళ్లు రావాలంటే అనవలసిన మాట అదేనని మీవాడు పట్టుకున్నాడు. అది తెలివైన పనే. గ్లాసు అందిస్తూ "నాకు నీళ్లు కావాలమ్మా" అని వాడి తరఫున మీరే అనండి. తిరిగి అనమని బలవంతపెట్టకండి. ఇప్పటిదాకా మీ మాటను ఎలా పట్టుకున్నాడో, ఈ మాటనూ అలాగే పట్టుకునే అవకాశం ఉంది.

ప్రశ్న: నేను మనస్తత్వశాస్త్రం చదువుతున్న విద్యార్థినిని. ఆటిజంలో అనుసంధానం తక్కువని కొన్ని వ్యాసాలు, ఎక్కువని మరికొన్ని చెబుతున్నాయి. ఒకే విషయంపై శాస్త్రవేత్తలు ఇంత విరుద్ధంగా ఎలా రాయగలరు? ఇందులో ఏది నిజం?

జవాబు: రెండు రకాల వ్యాసాల్లోనూ నిజాయితీగా కొలిచిన కొలతలే ఉన్నాయి. అయితే ఆ కొలతల వెనుక ఉన్న పరిస్థితులు వేరు. వాటిని పక్కన పెట్టి, ముగింపు వాక్యాలను మాత్రమే పోల్చితే ఏదీ అర్థం కాదు.

మొదటి చిక్కు స్కానర్‌లోనే ఉంది. 2012 ప్రాంతంలో మూడు బృందాలు దాదాపు ఒకేసారి ఒక ఇబ్బందికరమైన సంగతిని బయటపెట్టాయి. స్కాన్ జరుగుతుండగా తల ఒక మిల్లీమీటరులో కొద్ది భాగం కదిలినా సరే, దూరంగా ఉన్న ప్రాంతాల మధ్య అనుసంధానం ఉన్నదానికంటే తక్కువగానూ, పక్కపక్కనే ఉన్న ప్రాంతాల మధ్య ఎక్కువగానూ కనిపిస్తుంది. ఆటిజంలో దూరపు అనుసంధానం తక్కువ, దగ్గరి అనుసంధానం ఎక్కువ అని అప్పటికి ప్రచారంలో ఉన్న వాదన కూడా సరిగ్గా ఇదే ఆకారంలో ఉంది. చెవులు హోరెత్తించే ఇరుకు గొట్టంలో కదలకుండా పడుకోవడం ఏ పిల్లవాడికైనా కష్టమే. శబ్దం, స్పర్శ తీవ్రంగా తాకే పిల్లవాడికి మరీ కష్టం. కాబట్టి పాత ఫలితాల్లో కొంత భాగం మెదడు తేడా కాక తల కదలిక అయి ఉండవచ్చు. అలాగని అన్నింటినీ కొట్టిపారేయడానికీ వీల్లేదు. కదలికను కట్టుదిట్టంగా సరిచేసిన తరువాత కూడా తేడాలు మిగులుతున్నాయి, కాకపోతే మునుపు అనుకున్నంత పెద్దవిగా లేవు.

రెండోది వయసు. 2013లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 7 నుంచి 13 ఏళ్ల పిల్లలను పరిశీలించి అనుసంధానం ఎక్కువగా ఉందన్నారు. తక్కువగా ఉందన్న అధ్యయనాలు ఎక్కువగా కౌమారంలో ఉన్నవారిపైనా, పెద్దలపైనా చేసినవి. ఇందుకు కణాల స్థాయిలో ఒక ఆధారం 2014లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. మరణానంతరం దానం చేసిన మెదళ్లలోని కణత భాగాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తే, ఆటిజం లేనివారిలో బాల్యం ముగిసేసరికి న్యూరాన్ల మీది సూక్ష్మమైన ముళ్లు, అంటే ఇతర న్యూరాన్ల నుంచి సంకేతాలు అందుకునే మొనలు, సుమారు సగానికి తగ్గాయి. ఆటిజం ఉన్నవారిలో తగ్గింది 16 శాతమే. పసితనంలో న్యూరాన్ల మధ్య అవసరానికి మించి ఏర్పడిన సంధులను మెదడు తరువాత ఏరిపారేస్తుంది. ఆ ఏరివేత ఇక్కడ మందగించింది. సంధులు ఎక్కువగా మిగిలిపోవడం వల్ల సంకేతాలు మెరుగుపడతాయనుకోనక్కరలేదు, అవసరమైన లయ అనవసరమైనదానిలో కలిసిపోవచ్చు కూడా.

మూడోది, మెదడుకు అప్పుడు అప్పగించిన పని. వాక్యం చదువుతున్నప్పుడు కొలవడం వేరు, ఏమీ చేయకుండా పడుకున్నప్పుడు కొలవడం వేరు. రెండో రకం సమాచారాన్ని ప్రపంచంలోని అనేక ప్రయోగశాలల నుంచి ఒకచోట చేర్చిన అబైడ్ అనే ఉమ్మడి భండారపు తొలి విశ్లేషణ 2014లో వచ్చింది. అందులో ఆటిజం ఉన్నవారి స్కాన్లు 539, లేనివారివి 573. వాటిలోంచి ఎంచిన వందల స్కాన్లను కలిపి చూసినప్పుడు కూడా ఒకే దిశలో ఉన్న తేడా తేలలేదు. మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో చాలాచోట్ల అనుసంధానం తగ్గింది, థాలమస్ వంటి లోపలి భాగాలతో పెరిగింది.

నా దృష్టిలో ఈ చర్చను అసలైన మలుపు తిప్పింది 2015లో ఇజ్రాయెల్, అమెరికా పరిశోధకులు కలిసి చేసిన విశ్లేషణ. వారు అబైడ్ స్కాన్లనే తీసుకుని, సగటు తేడా ఎంత అని అడగకుండా, ఒక్కొక్క మెదడు తనదైన పద్ధతిలో సగటు నుంచి ఎంత పక్కకు జరిగిందని అడిగారు. ఎడమ, కుడి అర్ధగోళాల మధ్య అనుసంధానంలో ఆటిజం లేనివారు ఒకరికొకరు చాలావరకు పోలి ఉండగా, ఆటిజం ఉన్నవారు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా ఉన్నారు. ఒకరిలో ఫలానా చోట ఎక్కువ, ఇంకొకరిలో అదే చోట తక్కువ. ఇటువంటి వారిని ఇరవై ముప్పై మంది చొప్పున గుంపు చేసి సగటు తీస్తే, ఆ గుంపులో ఎవరెవరు పడ్డారన్నదాన్ని బట్టి ఫలితం అటో ఇటో తిరుగుతుంది. మీరు చదివిన వ్యాసాల మధ్య వైరుధ్యానికి ఇది చాలావరకు సమాధానం. "తక్కువా, ఎక్కువా" అన్న ప్రశ్ననే వదిలేసి, ఎవరిలో ఏ దారి ఎలా ఉందని అడగడం నేర్చుకుంటే మీ చదువుకు మేలు.

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు నిండాయి, రెండు మూడు మాటలే వచ్చు. స్కాన్ తీయిస్తే పాప మాట్లాడుతుందో లేదో తెలుస్తుందని తెలిసినవారు అంటున్నారు. తీయించమంటారా?

జవాబు: ఆ ఒక్క కారణంతో అయితే వద్దు. ఆటిజాన్ని నిర్ధారించేది ప్రవర్తనను, ఎదుగుదలను గమనించి. స్కాన్ చూసి కాదు. మూర్ఛలు రావడం, వచ్చిన నైపుణ్యాలు పోవడం, నాడీ పరీక్షలో తేడా కనిపించడం వంటివి ఉంటే వైద్యులు ఎంఆర్ఐ రాస్తారు, అది వేరే సంగతి.

మీకు తెలిసినవారు విన్నది పూర్తిగా గాలివార్త కూడా కాదు. శాన్ డియేగోలో పరిశోధకులు పసిపిల్లలు రాత్రి సహజంగా నిద్రపోయాక, మత్తుమందు లేకుండానే స్కానర్‌లో ఉంచి, చెవిలో కథలు వినిపించి మెదడు స్పందనను కొలిచారు. 2015లో వెలువడిన వారి అధ్యయనంలో, తరువాతి కాలంలో మాట బాగా వచ్చిన ఆటిజం పిల్లల కణత ప్రాంతం ఆటిజం లేని పిల్లల్లో లాగానే స్పందించింది. మాట సరిగా రాని పిల్లల్లో ఆ స్పందన చాలా తక్కువగా ఉంది. ఎంతో విలువైన ఫలితమే అయినా అది గుంపుల మధ్య తేడా. ఒక్క పాప స్కాన్ పట్టుకుని ఆమె భవిష్యత్తు చెప్పే పరీక్షగా అది ఇంకా మారలేదు. ఆ ఖర్చును, ఆ సమయాన్ని స్పీచ్ థెరపీ మీద పెట్టండి. వినికిడి పరీక్ష ఇంతవరకు చేయించకపోతే మాత్రం ముందు అది చేయించండి.

ప్రశ్న: నాకు ముప్పై నాలుగేళ్లు. ఆటిజం అని పెద్దయ్యాకే తెలిసింది. మాటకు, చదువుకు నాకెప్పుడూ లోటు లేదు. కానీ నలుగురు కలిసి మాట్లాడుతుంటే సంభాషణ నా చేతిలోంచి జారిపోతుంది. వ్యంగ్యం అర్థమయ్యేసరికి అందరూ నవ్వడం అయిపోతుంది. నా భాషా వలయంలో లోపం ఉందంటారా?

జవాబు: మీ ఉత్తరం చదివిన నాకు భాషా లోపమేదీ కనిపించలేదు. ఇది మర్యాదకు అంటున్న మాట కాదు. 2013 నుంచి అమలులో ఉన్న అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం భాషా లోపం ఆటిజానికి తప్పనిసరి లక్షణం కాదు. అది తోడుగా ఉందా లేదా అన్నది విడిగా నమోదు చేస్తారు.

వాక్యాన్ని విప్పి అర్థం తీసే వలయం ఒకటి; ఎదుటివారు ఏ ఉద్దేశంతో అన్నారో ఊహించే వలయం మరొకటి, కుడి కణత వెనుకభాగం అందులో ముఖ్యమైనది. వ్యంగ్యం తెలియాలంటే రెండూ చాలా తక్కువ వ్యవధిలో కలిసి పనిచేయాలి. అయితే, లోపమంతా ఆ రెండో వలయంలోనే ఉందనుకోవడం కూడా తొందరపాటే. వ్యక్తి వ్యక్తికీ వలయాన్ని విడిగా గుర్తించే పద్ధతితో అమెరికాలో చేసిన, 2020లో వెలువడిన అధ్యయనంలో, ఉద్దేశాలను ఊహించే వలయంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తేడా ఉన్నది భాషా వలయం ఎడమవైపుకు ఎంత మొగ్గిందన్న దాంట్లో. ఆటిజం ఉన్నవారిలో కుడి అర్ధగోళం కూడా భాషలో ఎక్కువగా పాలుపంచుకుంది. కుడివైపు పాలు పెరగడం లోపమని ఎవరూ నిరూపించలేదు; ఆటిజం లేని ఎడమచేతివాటం వారిలో కొందరికి కూడా భాష కుడివైపు ఉంటుంది.

మీ ఇబ్బందికి వేగం కూడా ఒక కారణం కావచ్చు. శబ్దం చెవిన పడిన పదో వంతు సెకనుకు మెదడులో వెలువడే ఒక అయస్కాంత సంకేతం, ఆటిజం ఉన్న పిల్లల్లో సగటున సుమారు 11 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తోందని 2010లో ఫిలడెల్ఫియా పరిశోధకులు చూపారు. ఒక్క శబ్దానికి అది లెక్కలోకి రానంత తక్కువ. మాటల మీద మాటలు పడే చోట, వెనుక మరో గోల ఉన్న చోట ఇటువంటి చిన్న ఆలస్యాలే పోగుపడవచ్చు.

ఇంకొక సంగతి, మెదడుకు బయటిది. 2020లో ఎడిన్‌బరో పరిశోధకులు ఒక కథను ఒకరి నుంచి ఒకరికి వరసగా చెప్పించారు. అందరూ ఆటిజం ఉన్నవారే అయిన వరసలో కథ, అందరూ ఆటిజం లేనివారే అయిన వరసలో ఎంత బాగా చేరిందో అంత బాగానూ చేరింది. వివరాలు ఎక్కువగా జారిపోయింది రెండు రకాలవారూ కలగలిసిన వరసలోనే. కాబట్టి సంభాషణ జారిపోతున్నప్పుడు దాన్ని మీ చేయి ఒక్కటే వదిలేస్తోందని అనుకోకండి. ముఖ్యమైన విషయాలు ఇద్దరి మధ్య, గోల లేని చోట, లేదా రాతలో మాట్లాడుకుందామని అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: మా మనవరాలికి ఏడేళ్లు, ఆటిజం ఉంది. ఇంకా మాట రాలేదు. ట్యాబ్‌లో బొమ్మలు నొక్కి కావలసినవి అడుగుతుంది. ఇంట్లో అమ్మది ఒక భాష, నాన్నది ఒక భాష. ఒక భాష మానేయాలనీ, ట్యాబ్ అలవాటైతే ఇక నోరు విప్పదనీ, ఐదేళ్లు దాటాక ఎలాగూ మాట రాదనీ రకరకాలుగా చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పెద్దవారు మీరు, మూడు మాటలూ విని కంగారుపడి ఉంటారు. మూడింటికీ ఆధారం లేదండి.

రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లలకు మాట అదనంగా ఆలస్యమైనట్టు ఇంతవరకు జరిగిన అధ్యయనాల్లో కనబడలేదు. పైగా తనకు సహజంగా రాని భాషలో బిడ్డతో మాట్లాడాల్సి వచ్చిన తల్లి తక్కువగా, పొడిపొడిగా మాట్లాడుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో 2013లో జరిగిన ఒక అధ్యయనంలో, ఆటిజం ఉన్న పిల్లల్లో మనిషి గొంతును గుర్తించే కణత ప్రాంతానికీ, సంతోషాన్నిచ్చే లోపలి వ్యవస్థకూ మధ్య అనుసంధానం తక్కువగా ఉన్నట్టు కనబడింది. మాట వినడంలోనే పాపకు ఆనందం కాస్త తక్కువగా అందుతూ ఉండవచ్చనుకున్నప్పుడు, ఆప్యాయంగా వచ్చే భాషను ఇంట్లో ఆపేయడం ఏం తెలివి?

ట్యాబ్ సంగతీ అంతే. బొమ్మలతో, పరికరాలతో సంభాషించిన పిల్లల్లో నోటిమాట తగ్గిందని అధ్యయనాల సమీక్షల్లో తేలలేదు. కొందరిలో స్వల్పంగా పెరిగింది కూడా.

ఇక వయసు. నాలుగేళ్లకు మాట తీవ్రంగా వెనకబడిన 535 మంది ఆటిజం పిల్లలను, ఎనిమిదేళ్లు నిండాక పరిశీలించిన అమెరికా అధ్యయనం 2013లో వచ్చింది. అప్పటికి వారిలో 70 శాతం మందికి చిన్నచిన్న పదబంధాలు, 47 శాతం మందికి ధారాళమైన మాట వచ్చాయి. ఎవరికి వస్తుందో అంచనా వేయడానికి ఎక్కువగా ఉపయోగపడింది మాటతో పనిలేని తెలివితేటల కొలత. ఒకే పనిని పదేపదే చేయడం వంటి అలవాట్లకు దీనితో సంబంధం కనబడలేదు. మిగతా 30 శాతం మందికి ఆ వయసుకు పదబంధాలు రాలేదన్నది కూడా మీ దగ్గర దాచను. అందుకే ట్యాబ్‌ను మాట వచ్చేదాకా ఏదో కాలక్షేపంగా చూడకండి. పాపకు అది ఇప్పటికి ఉన్న గొంతు. తను అడిగేటప్పుడు మాత్రమే దాన్ని తెరవకుండా, "తాతయ్య వచ్చాడు", "బయట వాన పడుతోంది" అని మీరు మాట్లాడేటప్పుడు కూడా పెద్దలంతా ఆ బొమ్మలనే నొక్కుతూ మాట్లాడండి. మీరు బొమ్మ నొక్కాక పాప స్పందించడానికి మామూలు కంటే ఎక్కువ సమయం పట్టవచ్చు. మధ్యలో ఇంకో మాట వేయకుండా ఆగండి.